చూడాల్సిన మనిషి

యాంగ్ మల్జా నా భార్యను చూడలేదు. చూడాల్సిన పని ఆమెదే. అందుకే నా భార్య చచ్చిపోయింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ఊళ్ళో వాళ్ళు సముద్రం తీసుకుపోయిందంటారు. అలా అంటే ఎవరి పేరూ చెప్పక్కర్లేదు కదా.

మా జెజు దీవిలో హేన్యో ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి సముద్రం అడుగుకు వెళతారు. నత్తలు, రాళ్ళకు అతుక్కుని ఉండే అబలోనీ గుల్లలు ఏరుకొస్తారు. ఏ హేన్యో కూడా ఒంటరిగా దిగదు. ఇద్దరిద్దరుగా వెళతారు. మా ఊరి పద్ధతి ఇంకా గట్టిది. పెద్దరాయి అనే చోట లోతెక్కువ. అక్కడ ఒకామె కిందికి వెళితే రెండో ఆమె పైన బెండు పట్టుకుని, ముఖం నీళ్ళలో పెట్టి, కిందికే చూస్తూ ఉండాలి. వెళ్ళినామె పైకొచ్చి, ఈల వేసినట్టు ఊపిరి వదలాలి. ఆ ఈల వినపడ్డాకే రెండో ఆమె దిగాలి.

అబలోనీని రాతి మీంచి ఊడదీయడానికి ఇనుప బద్ద ఉంటుంది. బద్ద జారిపోకుండా దాని తాడు ఉచ్చును మణికట్టుకు తగిలించుకుంటారు. బద్ద సరిగ్గా దూరకపోతే అబలోనీ దాన్ని రాతికేసి నొక్కి పట్టేస్తుంది. అప్పుడు ఉచ్చులోంచి చెయ్యి జారిరావాలి. నా భార్య సునోక్ చెయ్యి జారిరాలేదు. పైనున్న మనిషి చూసి ఉంటే దిగి తాడు కోసేది. పైన మనిషి లేదు. మల్జాకు రాతికి ఇంకోవైపు అబలోనీ కనిపించింది, తనూ దిగింది. పైకొచ్చేసరికి నా భార్య బెండు ఒక్కటే తేలుతోంది. అవతలి పక్కనుందేమో అనుకుని మళ్ళీ దిగింది.

ఈ మాటలు మల్జా చెప్పలేదు. కాస్త దూరంలో మునుగుతున్న ఆడవాళ్ళు చెప్పారు. మల్జా చావింటికి వచ్చింది, గిన్నెలు తోమింది, నా కూతురిని పట్టుకుని ఏడ్చింది. చెప్పాల్సిన ముక్క మాత్రం చెప్పలేదు.

మా రెండిళ్ళకూ మధ్య నల్లరాళ్ళ గోడ ఒక్కటే అడ్డం. ఆ గోడ మీద ఆమె ముల్లంగి పచ్చడి గిన్నె పెట్టి వెళ్ళేది. నేను మూత తీయకుండా అటువైపుకు జరిపేవాణ్ణి. నాలుగేళ్ళు ఆ గోడ మీద గిన్నె అటూ ఇటూ జరిగింది. ఒక్క మాట లేదు.

నాలుగో ఏడాది తుఫానుకు ఎవరిదో పెద్ద వల తెగి వచ్చి పెద్దరాయి మీద కప్పుకుంది. దాని కింద నత్తలు చచ్చి కుళ్ళుతున్నాయి. ఊపిరి బిగబట్టి వెళ్ళే వాళ్ళు కోసేంత చిన్నది కాదు అది. మా నీళ్ళలోకి గాలి సిలిండర్లవాళ్ళను మా ఆడవాళ్ళు రానివ్వరు. కానీ ఈసారి మత్స్యకారుల సంఘం పెద్ద, కో అనే ముసలాయన, పట్టుబట్టి ఒప్పించాడు.

నా కూతురు యోన్‌హీ సోగ్విపో పట్నంలో పర్యాటకులకు సిలిండర్‌తో మునగడం నేర్పుతుంది. నాకున్నది ఆ పిల్ల ఒక్కతే. "నేనొస్తా నాన్నా, నాతో మునిగే జోడీని కూడా తెస్తా" అని ఫోన్ చేసింది. జోడీ ఎవరని నేను అడగలేదు. అడగాల్సింది.

రేవులో లారీ ఆగింది. సిలిండర్లు దింపుతున్నవాడు మల్జా కొడుకు గిబోమ్.

"వీడా?" అన్నాను.

"వీడికో పేరుంది నాన్నా."

"పేరు తెలుసు. ఇల్లు కూడా తెలుసు."

"ఏడాది నుంచీ మేమిద్దరం జోడీ. చెబితే నువ్వు ఇదిగో, ఇలా ముఖం పెడతావనే చెప్పలేదు."

గిబోమ్ నడుం వంచి దణ్ణం పెట్టాడు. "బాగున్నారా బాబాయ్."

నా కూతురితోనే అన్నాను. "పడవ తీయను."

"తీయకు. కో తాత పడవుందిగా. ఆయనకు కుడికన్ను ఆనదు, ఆ ఇంజనుకు ఉబ్బసం. అయినా పోతాం. నువ్విక్కడ నిలబడి సిగరెట్లు కాల్చుకో."

"ఎవరి పోలికే ఆ నోరు?"

"అమ్మ పోలికని నువ్వే అంటావు."

కో పెద్దాయన పక్కనే రాతిమీద కూర్చుని నవ్వుతున్నాడు. ఇంతలో మల్జా వచ్చింది. ఇప్పుడు ఊరి హేన్యోలకు ఆమే పెద్ద. చంకలో అద్దంపెట్టె ఉంది. అడుగున అద్దం బిగించిన చెక్కపెట్టె అది. నీళ్ళమీద పెట్టి అందులో ముఖం దూరిస్తే సముద్రం అడుగు కనపడుతుంది. పెద్దరాయి దగ్గరికి ఏ పడవ వెళ్ళినా హేన్యో ఒకామె అందులో ఉండాలని కట్టుబాటు.

"ఈమె ఎక్కితే నేనుండను" అన్నాను, కో వైపు చూసి.

"అలాగే చాంగూ. తాళంచెవి ఇచ్చి నువ్వు దిగు."

నేను తాళంచెవి ఇవ్వలేదు. నా కూతురు నీళ్ళలో ఉన్నంతసేపు నా పడవ చుక్కాని ఇంకొకరి చేతిలో పెట్టను. అంత తెలివితక్కువవాణ్ణి కాను. ఇంజను తిప్పాను. మల్జా ముందువైపుకు వెళ్ళి నాకు వీపుపెట్టి కూర్చుంది.

పెద్దరాయి దగ్గర లంగరు వేశాక పిల్లలిద్దరూ రబ్బరు దుస్తులు తొడుక్కున్నారు. నేను చుక్కాని దగ్గరే నిలబడి చెప్పాను.

"మీరు ఒకరినొకరు తనిఖీ చేసుకుంటారటగా. నా ముందు చేయండి. నేను చూడందే ఎవరూ దిగేది లేదు."

"రోజూ చేసేదే నాన్నా."

"ఈ రోజు నేను చూసేది."

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఆమె జాకెట్‌లోకి వాడు గాలి ఊదించి చూశాడు, వాడి జాకెట్‌ను ఆమె చూసింది. సిలిండర్ మర పూర్తిగా తెరిచి ఉందో లేదో తిప్పి చూసుకున్నారు. నోటి గొట్టంలోంచి గాలి పీలుస్తూ మీటరు ముల్లు కదులుతుందేమో చూసుకున్నారు. ఎవరిది వాళ్ళు కాదు. ఒకరిది ఇంకొకరు.

"పొట్ట లోపలికి లాగు. క్లిప్పు పట్టట్లేదు" అంది యోన్‌హీ.

"నిన్న పంది మాంసం నూడుల్స్ తిన్నానే."

"ఎన్ని గిన్నెలు?"

"అడక్కు."

"నువ్వు మునగడానికి సీసం కూడా అక్కర్లేదు."

వాడు నవ్వుతూ ఆమె నడుం దగ్గర చెయ్యి పెట్టాడు. నవ్వు ఆగిపోయింది.

"ఇదేంటి?"

అది సునోక్ బెల్టు. మునగడానికి బరువుగా సీసం ముక్కలు గుచ్చిన రబ్బరు పట్టీ. పొద్దున నేనే కొట్టంలోంచి తీసి నా కూతురికిచ్చాను. వాళ్ళమ్మ పోయిన చోటికి వెళుతోంది, వాళ్ళమ్మది ఏదైనా ఒంటిమీద ఉండాలనిపించింది. ఆ బెల్టుకు బకిల్ ఉండదు. వెనక నడుం మీద ముడి. మా ఊళ్ళో పాతవాళ్ళు ముడి అలాగే వేస్తారు. ఎవరి ముడి వాళ్ళు వేసుకోరు, జోడీ వేస్తుంది, జోడీ విప్పుతుంది. పొద్దున ఆ ముడి నేను వేశాను.

"ఒక్క రోజేరా" అంది యోన్‌హీ మెల్లగా.

"తీసెయ్."

"అమ్మది."

"తెలుసు. నీ దగ్గర నేర్చుకునేవాడెవడైనా ఇలా ముడేసుకుని వస్తే ఏం చేస్తావ్? పడవలోంచి తోసేస్తావ్. కింద ఏదైనా అయితే ఒక్క చేత్తో లాగితే ఊడిపోవాలి. మన చేత్తో. ఇది వెనకుంది, సిలిండర్ కింద."

నేను చుక్కాని దగ్గర్నుంచే అరిచాను. "ఒరేయ్. దాన్ని ముట్టుకోకు. ముడి విప్పడానికే కదా పక్కన జోడీ ఉండేది. చూస్తూ ఉంటే చాలు. నువ్వు చూడు. నీ పని అదే."

"నేను చూడకపోతే బాబాయ్?"

"ఎందుకు చూడవు?"

"నేను మా అమ్మ కొడుకునే కదా. నాకూ ఏదో ఒకటి కనిపిస్తుంది. ఒక్క క్షణం అటు తిరుగుతాను. అప్పుడు ఈ ముడి ఎవరు విప్పాలి?"

మల్జా ముందువైపు కూర్చుని పెట్టె అద్దం తుడుస్తోంది. ఆమె చేతిలో గుడ్డ ఆగింది. మళ్ళీ కదిలింది. ఆమె వెనక్కి తిరగలేదు.

నాలుగేళ్ళుగా ఆ ఇంటినుంచి ఆ మాట రావాలని చూశాను. వచ్చింది. రావాల్సిన నోటినుంచి కాదు.

"విప్పండి బాబాయ్. కళ్ళు మూసుకుని, ఒక్క చేత్తో" అన్నాడు వాడు.

నేను వెళ్ళి సిలిండర్ కిందినుంచి చెయ్యి పెట్టాను. నేను వేసిన ముడే. నీళ్ళు చిమ్మి రబ్బరు బిగుసుకుంది. గోరు వెనక్కి మడతపడింది. ముడి రాలేదు. ఇంకోసారి లాగాను. రాలేదు.

"తీసెయ్" అన్నాను నా కూతురితో.

గిబోమ్ సంచిలోంచి బకిల్ ఉన్న బెల్టు తీసి ఇచ్చాడు. యోన్‌హీ పెట్టుకుంది.

"ఊడదియ్యి" అన్నాను. ఒక్క లాగుకు ధబ్బున బల్లమీద పడింది. "మళ్ళీ పెట్టుకో. ఊడదియ్యి."

"నాన్నా, నేను ఇదే నేర్పి బతుకుతున్నా."

"మళ్ళీ."

"పడవకు చిల్లు పడుద్ది."

"పడితే నేను అతికించుకుంటా. మళ్ళీ. ఇప్పుడు వాడు."

వాడూ ఊడదీసి చూపించాడు. ఆ తర్వాతే దిగనిచ్చాను.

నీటిమీద రెండుచోట్ల బుడగలు లేచాయి, పక్కపక్కనే. బుడగలు మాత్రమే నాకు కనిపించేవి. మల్జా అంచుమీద బోర్లా పడుకుని అద్దంపెట్టెను నీళ్ళలోకి దించి అందులో ముఖం పెట్టింది.

నేను చుక్కాని పట్టుకుని ఆమె వీపు చూస్తూ నిలబడ్డాను. ఎప్పుడు తలెత్తుతుందా అని. నిజం చెబుతున్నాను, ఎత్తితే బాగుండునని కూడా ఒకపక్క అనిపించింది. ఎత్తితే అప్పుడు అందామని మాట నోట్లోనే పెట్టుకున్నాను. ఆమె ఎత్తలేదు. మెడ మీద ఎండ కొట్టింది. అలలు పెరిగాయి. ఒక అల పడవను పక్కకు కొట్టినప్పుడు పెట్టె అంచు తగిలి ఆమె కనుబొమ్మ చిట్లింది. నెత్తురు అద్దం మీదికి కారకుండా వేలితో తుడుచుకుంది. ముఖం మాత్రం పెట్టెలోంచి తీయలేదు.

కాసేపటికి వల ముక్కలు తేలుతూ పైకి రావడం మొదలైంది. పని సాగుతోందనుకున్నాను. అంతలో ఆమె భుజాలు బిగుసుకున్నాయి.

"ఏమైంది?" అన్నాను. నాలుగేళ్ళలో ఆమెతో అన్న మొదటి మాట అదే.

"వల లేచింది. ప్రవాహం మారింది."

"పిల్ల?"

"వల కిందే ఉంది. సిలిండర్ పట్టేసింది. చేతులు కూడా లోపలే ఉండిపోయాయి."

"వాడేడీ?"

ఆమె పెట్టెను పక్కకు జరిపి వెతికింది.

"వాడేడని అడుగుతున్నా!"

"రాతికి అటు పక్క. వల కొన కోస్తున్నాడు. ఇటు చూడట్లేదు."

లంగరు పక్కన, కింద వలకు కట్టిన తాడు ఉంది. నేను దాన్ని పట్టుకున్నాను.

"లాగకు!" పెట్టెలోంచి అరిచింది. "లాగితే పిల్లకు ఇంకా బిగుసుద్ది. ఇంజను కూడా ముట్టుకోకు. నిచ్చెన! ఇనుప నిచ్చెన నీళ్ళలో దించి కొట్టు. పానా తీసుకుని కొట్టు!"

నిచ్చెన దించాను. పానాతో కొట్టాను. ఇనుము మోత నీళ్ళలో చాలా దూరం పోతుంది, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ ఆ క్షణంలో నాకు తోచలేదు, ఆమెకు తోచింది.

"తిరిగాడా?"

"లేదు. కొట్టు."

కొట్టాను.

"లేదు. ఇంకా గట్టిగా కొట్టు, అన్నం తినలేదా!"

నిచ్చెన మెట్టు వంగేలా కొట్టాను. చేతి ఎముకలు కదిలిపోయాయి.

"తల తిప్పాడు. చూశాడు. వస్తున్నాడు."

"పిల్ల ఏం చేస్తోంది?"

"కదలట్లేదు."

నేను పానా వదిలేశాను. ఎక్కడ పడిందో చూడలేదు.

"కదలకుండా ఉంది, యోన్‌హీ నాన్నా. కావాలనే కదలట్లేదు. గింజుకుంటే చుట్టుకుంటుందని తెలుసు దానికి. బుడగలు చూడు, ఎంత నిదానంగా వస్తున్నాయో. బాగా చేస్తోంది. మంచి పిల్ల. వాడు వెనక్కి చేరాడు. కోస్తున్నాడు. ఒక చేత్తో దాని భుజం పట్టుకున్నాడు. చెయ్యొచ్చింది. ఇంకో చెయ్యి... ఇంకా ఉంది. సిలిండర్ దగ్గర ఉంది. కోస్తున్నాడు."

అలా చెబుతూనే ఉంది. నేను వింటూనే ఉన్నాను. ఆమె కళ్ళు తప్ప నా దగ్గర ఇంకేమీ లేవు.

"వచ్చేసింది."

వాళ్ళు ఒక్కసారిగా పైకి రాలేదు. లంగరు తాడు పట్టుకుని పడవ కింద కొంతసేపు ఆగారు. ఒంట్లో చేరిన గాలి దిగాలంటే అలా ఆగాలి. ఆ ఆగడం నేను భరించలేకపోయాను. మల్జా అప్పుడు కూడా ముఖం ఎత్తలేదు. ఇద్దరి చేతులూ నిచ్చెన మీదికి వచ్చాకే పెట్టె పైకి తీసింది.

యోన్‌హీ నోటి గొట్టం ఊసేసి, "ఈ నిచ్చెన ఎవరు పాడుచేసింది?" అంది. నేను భుజాలు పట్టుకుని పైకి లాగాను.

గిబోమ్ ముఖం పాలిపోయి ఉంది. ఎక్కీ ఎక్కగానే, సిలిండర్ కూడా దించకుండా నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"బాబాయ్, నేను అటు తిరిగాను. కొన కోస్తే మొత్తం వచ్చేస్తుందనుకుని దాని మీదే పడ్డాను. వెనక్కి చూడలేదు. మోత వినపడే దాకా చూడలేదు."

"నేనూ వాణ్ణి పిలవలేదు నాన్నా" అంది యోన్‌హీ. "వల లేస్తోందని ముందే కనపడింది. ఆ ఒక్క ముక్కా కోసేద్దామనుకున్నా."

"వాడి సంగతి వాడు చెప్పాడు. నీ సంగతి నువ్వు చెప్పావు. కూర్చోండి" అన్నాను.

లంగరు తీశాను. పడవ తిప్పాను. పిల్లలిద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని, కమలాలు ఒలుచుకుంటూ, ఎవరి తప్పు ఎక్కువో వాదించుకుంటున్నారు. ఒకళ్ళనొకళ్ళు పంది అనీ, గాడిద అనీ తిట్టుకుంటున్నారు. మల్జా ముందునుంచి లేచి, పడవ అంచు పట్టుకుంటూ చుక్కాని దగ్గరికి వచ్చింది. పెట్టె అంచు అచ్చు ఆమె ముఖం చుట్టూ ఎర్రగా దిగి ఉంది. కనుబొమ్మ మీద నెత్తురు ఎండిపోయింది.

"యోన్‌హీ నాన్నా."

నేను రేవు వైపు చూస్తున్నాను.

"ఆ రోజు నేను చూడలేదు."

"తెలుసు."

"నీకు తెలుసని నాకూ తెలుసు. నేను చెప్పలేదు." ఊపిరి పీల్చుకుంది. "ఈల వినపడలేదు. వినపడలేదని తెలిసే దిగాను. అబలోనీ కనిపించింది. పోతుందేమోనని దిగాను. పైకొచ్చాక కూడా ఈల లేదు. మళ్ళీ దిగాను."

ఇంజను చప్పుడు చేస్తోంది. పిల్లలు వినలేదు.

"ఎంత పెద్దది?" అన్నాను.

ఆమె చెయ్యి చాపి అరచెయ్యి చూపించింది. చిన్న చెయ్యి. దాని వంక నేను చాలాసేపు చూశాను. తర్వాత ఆమె ఆ చెయ్యి వెనక్కి తీసుకుని ముందువైపుకు వెళ్ళిపోయింది.

రేవులో కో పెద్దాయన తాడు అందుకుంటూ నా ముఖం, ఆమె ముఖం చూశాడు. ఆ సాయంత్రం సోజు సారా సీసాతో వచ్చి కూర్చున్నాడు. క్షమించావా అన్నాడు. లేదన్నాను. మరి తేలికపడ్డావా అన్నాడు. అదీ లేదన్నాను. వలలో సగం ఇంకా రాతిమీదే ఉంది కదా, ఎల్లుండి పడవ ఎవరిది అన్నాడు. నాది అన్నాను. అద్దంపెట్టె దగ్గర ఎవరుంటారు అన్నాడు. ఆమే ఉంటుంది అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వొద్దన్నాను.

పెద్దరాయి మొత్తం శుభ్రపడేదాకా మేం నలుగురం వెళ్ళాం. దిగేముందు పిల్లలు ఒకరినొకరు తనిఖీ చేసుకుంటారు. వాళ్ళ తనిఖీ అయ్యాక నేను చేస్తాను. నా తర్వాత మల్జా కూడా వచ్చి బకిల్ లాగి చూస్తుంది. యోన్‌హీ విసుక్కుంటుంది. విసుక్కోనీ. ఆమె చూస్తూ ఉంటుంది, నేను చేతిలో పానాతో నిచ్చెన దగ్గర నిలబడతాను. పడవలో ఆమెతో పనికి కావలసిన మాటలు మాట్లాడతాను. ఒడ్డున అవి కూడా ఉండవు. గోడ మీది గిన్నె ఇప్పటికీ అటే జరుపుతాను.

ఆమె చెప్పాల్సింది చెప్పింది. నా భార్య తిరిగి రాలేదు. ఊళ్ళో వాళ్ళు ఆ రోజు పడవలో ఏం జరిగిందని ఇప్పటికీ అడుగుతున్నారు. ఇదిగో, చెప్పాను. ఇక ఎవరూ అడగొద్దు. అడిగినా నేను నోరు విప్పను.